అక్క పొలంలోకి మళ్ళించిన నీళ్ళు

గల్ఫ్‌లో నేనేం పని చేసేవాణ్ణో మా ఊళ్ళో ఎవరికీ సరిగ్గా బోధపడేది కాదు. రాజోలు చుట్టుపక్కల నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది డ్రైవర్లు, తాపీమేస్త్రీలు, వంటవాళ్ళు. నేను రాగి గని దగ్గర ఉండేవాణ్ణి. రాయిని పిండి చేసి రాగి తీసుకున్నాక మిగిలే బూడిదరంగు బురదని గొట్టాల్లో తెచ్చి ఒక పెద్ద కట్ట వెనక వదిలేవారు. ఆ కట్ట మన ఏటిగట్టు కంటే చాలా ఎత్తు. దాని అడుగు నుంచి నీళ్ళు ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి. మట్టితో కట్టిన కట్ట ఏదైనా ఊరుతుంది, దానికి భయపడక్కర్లేదు. ఊరిన నీళ్ళు బయటికి పోకుండా చూసుకుంటే చాలు. కట్ట పాదం వెంట తవ్విన కాలువలోకి ఊట చేరేది, అక్కణ్ణుంచి సంపులోకి వెళ్ళేది, సంపులోంచి మోటార్లు తోడి మళ్ళీ కట్ట వెనక పోసేవి. పొద్దునా సాయంత్రమూ ఆ కాలువ వెంట నడిచి నీరు తేటగా వస్తోందో లేదో చూడటం, మోటార్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండటం నా పని. తేటగా వస్తే పర్వాలేదు. మట్టిరంగుకి తిరిగిందంటే కట్ట లోపల్నుంచి కోసుకుపోతోందన్నమాట. అప్పుడు పరుగెత్తాలి. అక్కడున్నన్నాళ్ళూ నాకు పరుగెత్తే అవసరం రాలేదు.

“అంటే చెరువు కాపలాయే కదరా?” అనేవాడు మా బావగారు, నేను సెలవుకి వచ్చినప్పుడల్లా.

బావగారంటే మా అక్క భర్త. పొలం గట్టు మీదకి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళే మనిషి. టీ కొట్టు దగ్గర ఆయన గొంతు లేకపోతే ఆ పూట ఏదో జరిగిందనుకునేవారు. చుట్టూ నలుగురూ ఉంటే చాలు, నన్ను పట్టుకుని “మా బామ్మర్ది మురుగునీళ్ళు తోడడానికి విమానమెక్కి ఎళ్తాడండి, ఆయ్” అని నవ్వించేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు అన్నం కలిపి పెట్టి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన కూర్చుంది అక్కే. నేను ఎడారిలో ఎక్కడో కట్ట కింద తిరుగుతున్నానంటే దానికి తిండి సయించేది కాదట.

నడుం నొప్పి ముదిరి, అక్కడి కాంట్రాక్టు కూడా అయిపోయి నేను ఇంటికొచ్చేసిన ఏడాదే, అక్క పొలానికి ఆనుకుని ఉన్న భూమిలో గ్యాసు కోసం బోరు తవ్వడం మొదలుపెట్టారు. ఆ భూమి ఆసామి కాకినాడలో ఉంటాడు, కంపెనీకి లీజుకిచ్చాడు. కొబ్బరిచెట్ల మీంచి ఇనుప గోపురంలాంటి రిగ్గు లేచింది. తవ్వుతున్నప్పుడు భూమిలోంచి పైకొచ్చే బురద, నూనె వాసన కొట్టే ఉప్పునీళ్ళు నిలవ చెయ్యడానికి ఒక మూల మనిషెత్తు మట్టికట్ట వేసి, లోపల నల్ల షీటు పరిచి గుంట చేశారు. అందరూ దాన్ని మడ్డుగుంట అనేవారు. నేను గల్ఫ్‌లో చూసినదానికి అది పిల్లలాంటిది. పని మాత్రం అదే. కట్ట పాదాన ఊట కాలువ, మూల సంపు, డీజిల్ మోటారు. కాంట్రాక్టరుకి నా సంగతి ఎవరో చెప్పారు. పిలిచి పనిలో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు మన చెరువు మనమే కాసుకుంటాం” అన్నాడు బావగారు. నేనూ నవ్వాను.

గుంటకి ఒక పక్క పంట కాలువ ఉంది. మా ఊరికీ, కింద ఊళ్ళకీ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలువలోంచే. రెండో పక్క కొబ్బరితోట, అందులో మూడు నాలుగు ఇళ్ళు. మూడో పక్క సైటుకి వేసిన గ్రావెల్ రోడ్డు. నాలుగో పక్క మా అక్క ఎకరం. మా నాన్న దానికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క అది. మిగతాదంతా వాళ్ళు కౌలుకి చేసేదే.

రిగ్గు పని పూర్తయ్యాక దాన్ని విప్పి వేరే చోటికి పట్టుకుపోయారు. మడ్డుగుంట మాత్రం మిగిలింది. అందులో నీళ్ళు ట్యాంకర్లలో తోడి, శుద్ధిచేసే చోటికి తీసుకెళ్ళాలి, ఆ తరవాత గుంట పూడ్చాలి. ట్యాంకర్లు రెండు రోజులు వచ్చేవి, నాలుగు రోజులు వచ్చేవి కావు. సైటు చూసుకోడానికి ఒక ఇంజనీరమ్మాయిని పెట్టారు. కడప వైపు పిల్ల. పని తెలిసిన పిల్ల, తుఫాన్ల రోజులు రాకముందే గుంట సగానికి దించాలని రోజూ ఫోన్లో పోట్లాడేది. “రేపు పంపిస్తామంటారన్నా, ఆ రేపు ఎప్పుడొస్తుందో” అనేది నాతో.

ఆ రేపు రాకముందే తుఫాను వచ్చింది.

మొదటి రోజు గాలి. తోటలో చెట్లు పడి కరెంటు తీగలు తెగాయి. రెండో రోజు నుంచి ఒకటే వాన. గుంటలో నీరు కట్ట అంచుకి బాగా దగ్గరగా లేచింది. మేము అడగ్గా అడగ్గా బయల్దేరిన ట్యాంకరొకటి గ్రావెల్ రోడ్డు మొదట్లోనే చక్రాలు దిగబడి అడ్డంగా ఒరిగిపోయింది. ఇక ఆ దారిన ఇంకో బండి వచ్చే వీలు లేదు. డ్రైవరు కిందికి దిగి తలమీద గోనెసంచి కప్పుకుని మా షెడ్డులోకి వచ్చి కూర్చున్నాడు. వాన ఆగలేదు. సంపులో మోటారు తోడుతూనే ఉంది, తోడినదంతా మళ్ళీ ఆ గుంటలోనే పోస్తోంది. అది మామూలు రోజుల్లో సరైన పనే. ఆ రోజు గుంటకే చోటు లేదు.

మూడో రోజు పొద్దున్న పంట కాలువ వైపు కట్ట పాదం దగ్గరికి వెళ్ళాను. ఊట ఎప్పుడూ సన్నగా, తేటగా వచ్చే చోట పిడికిలంత బుగ్గ వేసి, నీళ్ళు టీ రంగులో ఉబుకుతున్నాయి. దోసిట్లో పట్టుకుని చూశాను. దోసిలి అడుగున మెత్తటి మట్టి మిగిలింది. అప్పుడు పరుగెత్తాను.

ఇంజనీరమ్మాయి కూడా నా వెంట పరుగున వచ్చి చూసింది. నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. ముఖం తెల్లబోయింది. ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. కాలువ లాకు తలుపులు చూసుకునే లస్కరుని, నీళ్ళు కిందికి పోకుండా ఆపగలడేమోనని సైకిలు మీద వెళ్ళి అడిగి వచ్చాడు ట్యాంకరు డ్రైవరు. కాలువ నిండుగా ఉంది, ఇప్పుడు తలుపులు దించితే గట్టే తెగుతుంది, పైవాళ్ళు చెప్పందే తను ముట్టుకోనని లస్కరు అన్నాడట. అతని మాటా అబద్ధం కాదు.

తోటలో కొబ్బరిపీచు కళ్ళం ఉంది. అక్కణ్ణుంచి పీచు మోపులు తెచ్చి బుగ్గ మీద పరిచాం. పైన మట్టి బస్తాలు పేర్చాం. పీచులోంచి నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది. కాసేపటికి రంగు కొంచెం తగ్గింది. రెండు బారల అవతల ఇంకో బుగ్గ లేచింది.

“గుంటలో నీరు దించకపోతే ఇది నిలవదన్నా” అంది ఆ అమ్మాయి.

“ఎక్కడికి దించుతామండీ?”

మేమిద్దరం ఒకే వైపు చూశాం.

అక్క, బావగారు అప్పటికే పొలం గట్టు మీద ఉన్నారు. వాననీళ్ళు పోవడానికి గట్టుకి గండి కొట్టి, చేనుని కాపాడుకునే పనిలో ఉన్నారు. వరి ఈనికలో ఉంది. వెన్నులు అప్పుడే బయటికొస్తున్నాయి. బావగారి ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూసి అక్క పార ఆపింది.

“ఏంట్రా? మొహం అలాగుంది?”

చెప్పాను. గుంట మీంచి గొట్టాలు వేసి నీళ్ళు వాళ్ళ చేలోకి వదులుతామని, గట్లు ఎత్తుచేసి గండి మూసేస్తే ఆ నీళ్ళు అక్కడే ఆగుతాయని, కాలువలో కలవవని చెప్పాను.

బావగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. “మా చేలోకా? నీకు మతి గాని పోయిందేంట్రా? ఈనికలో ఉన్న చేనురా ఇది!”

“తెలుసు బావగారూ.”

“తెలిసే అడుగుతున్నావా?”

ఇంజనీరమ్మాయి ముందుకొచ్చింది. “మీ చేను కాకపోతే కాలువేనండీ. మూడో దారి లేదు.”

“నన్నడక్కండమ్మా” అన్నాడాయన, చెయ్యి విదిలించి. “ఈ పొలం నాది కాదు. ఆవిడది. ఆళ్ళ నాన్నగారిచ్చింది. ఆవిణ్ణే అడగండి.”

అక్క చీరకొంగుతో మొహం తుడుచుకుంది. వాన పడుతూనే ఉంది కాబట్టి ఆ తుడవడం వల్ల ఏమీ లాభం లేదు.

“ఆ కట్ట తెగితే కాలవలో పడతాయా నీళ్ళు?” అంది.

“పడతాయక్కా.”

“చెరువులోకి తోడేది ఈ కాలవ నీళ్ళేగా?”

“మన చెరువే కాదు. కిందూళ్ళ చెరువులన్నీ.”

“తెగుద్దంటావా?”

“వాన తగ్గితే తెగకపోవచ్చు.”

“తగ్గుద్దా?”

నేను ఆకాశం వైపు చూశాను. సముద్రం వైపు నుంచి మబ్బు దొంతర్లుగా వస్తూనే ఉంది. “ఏమో అక్కా” అన్నాను.

“పోయేది ఈ పంటేనా?”

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి జవాబు చెప్పింది. “కాదమ్మా. మట్టి కూడా పాడవుతుంది. అందులో ఉప్పుంది, నూనె ఉంది. ఎన్నాళ్ళకి బాగవుతుందో నేను చెప్పలేను. అసలు బాగవుతుందని కూడా మాట ఇవ్వలేను.”

అక్క ఆమె వైపు చాలాసేపు చూసింది. కోపంగా ఏం చూడలేదు. కొత్తగా ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత వంగి, తను అప్పుడే కొట్టిన గండిలోకి పారతో మట్టి లాగడం మొదలుపెట్టింది.

“ఏం చేత్తున్నావే?” అన్నాడు బావగారు.

“పూడుత్తన్నాను. కనపడతల్లేదా? నువ్వు ఎరువు బస్తాలు అట్టుకురా, ఇంట్లో ఖాళీయి ఉన్నాయి.”

ఆయన కదల్లేదు. అక్క మళ్ళీ చెప్పలేదు. కాసేపటికి ఆయనే ఇంటివైపు నడిచాడు.

ఆ పొద్దంతా పని చేశాం. ట్యాంకరు డ్రైవరు, తోటలోని ఇళ్ళవాళ్ళు, అందరం. గట్టు చుట్టూ మట్టి బస్తాలు పేర్చాం. గొట్టాల్లో నీళ్ళు నింపి రెండు కొసలూ బిగించి, కట్ట మీంచి అటొక కొసా ఇటొక కొసా దించి, ఒక్కసారి వదిలాం. మొదటి గొట్టం పట్టుకోలేదు, గాలి చొరబడింది. రెండోది అందుకుంది. నల్లగా, నురగగా, అక్క చేలో పడింది. పడ్డచోట వరి దుబ్బులు పక్కకి ఒరిగాయి. తర్వాత మూడో గొట్టం, నాలుగోది.

అక్క ఆ నీళ్ళలోనే మోకాళ్ళ దాకా దిగి గట్టు లోపలి వైపు బస్తాలు సర్దుతోంది. “పైకి రా అక్కా, ఒంటికి మంచిది కాదు” అని అరిచాను. “గట్టు కారితే పక్కోళ్ళ చేలో పడదేంట్రా?” అంది, తలెత్తకుండా.

సాయంత్రానికి గుంటలో నీరు జానెడు దిగింది. చీకటి పడేలోపు ఇంకొంచెం. కాలువ వైపు బుగ్గలు సన్నబడ్డాయి. మర్నాడు పొద్దున్నకి తేటబడ్డాయి. ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. కట్ట నిలిచింది. కాలువలో ఒక్క చుక్క పడలేదు.

చేను మాత్రం వారంలోపే మాడింది. ముందు ఆకుల కొసలు ఎర్రబడ్డాయి, తర్వాత దుబ్బంతా గడ్డిరంగుకి తిరిగింది. వెన్నులు పాలు పోసుకోలేదు, నిలబడే ఎండిపోయాయి. రోడ్డు బాగయ్యాక ట్యాంకర్లు వచ్చి ముందు గుంటలో నీళ్ళు తోడాయి, ఆ తర్వాతే చేలో నీళ్ళు. నీరు పోయిన చోట పలచటి బూడిదరంగు పొర మిగిలింది. ఎండకి అది పెళుసెక్కి, నడిస్తే కాలి కింద చిట్లేది. డీజిల్ షెడ్డు వాసన వచ్చేది. కంపెనీవాళ్ళు పైమట్టి చెక్కి తీసుకుపోయి, ఎక్కడిదో ఎర్రమట్టి తెచ్చి పోశారు. మా వైపు నల్లరేగడి మధ్య ఆ ఎకరం కాల్చిన పెంకులా కనిపించేది.

అక్క కాళ్ళు మోకాళ్ళ కింద నుంచి నల్లబడి, దురదలు పెట్టి, పుండ్లు పడ్డాయి. అమలాపురంలో చర్మాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన పూతమందు రాసిస్తూ “ఏం నీళ్ళలో దిగేరమ్మా?” అని అడిగాడు. అక్క నా వైపు చూసి, “మా చేలో నీళ్ళేనండి” అంది. పుండ్లు మానాయి, మచ్చలు పోలేదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చేమో. మేము ఊహించనిది ఊరు. చేను మాడిందన్న కబురు పాకగానే చుట్టుపక్కల రైతుల ధాన్యం కూడా వాసన వస్తోందని మిల్లులవాళ్ళు పేచీలు పెట్టడం మొదలైంది. నిజంగా వాసన ఉందో లేదో ఎవరూ ముక్కు పెట్టి చూసినట్టు లేదు. ఆ రైతులు కంపెనీ ఆఫీసుకి వెళ్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేశారు. ఇక మిగిలింది మా అక్క గుమ్మం.

“మమ్మల్నో మాటడక్కుండా ఆ విషం చేలోకెలా పెట్టించుకున్నావమ్మా?” అని వరస పెట్టి వచ్చారు. కాలువలో పడి ఉంటే ఏమయ్యేదో ఒకసారి చెప్పింది అక్క. “పడలేదుగా” అన్నారు వాళ్ళు. రెండోసారి చెప్పలేదు.

మంచినీళ్ళ చెరువు దగ్గర ఆడవాళ్ళు ఇంకో మాట పుట్టించారు. తమ్ముడి ఉద్యోగం పోకుండా ఉండటానికే పొలం అప్పజెప్పిందని. ఆ మాట అక్కకి ఎదురుగానే అన్నారట, బిందె ముంచుకుంటూ. ఆ మాట నాకు చెప్పింది కూడా అక్క కాదు, కొబ్బరితోటలో ఉండే ఒక ఇంటావిడ. అప్పటికి నా ఉద్యోగం ఎలాగూ చివరికొచ్చింది. గుంట పూడ్చేస్తున్నారు. పూడ్చిన రోజున ఊట కాలువలో మట్టి పోస్తుంటే నిలబడి చూశాను. ఇంజనీరమ్మాయిని అంతకుముందే బదిలీ చేశారు, పైవాళ్ళ అనుమతి లేకుండా నీళ్ళు బయటికి వదిలిందని కాగితం పెట్టారట. వెళ్ళే ముందు అక్క ఇంటికి వచ్చింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. వెళ్ళేటప్పుడు అక్క ఆమెకి కొబ్బరికాయలు సంచిలో వేసి ఇచ్చింది.

బావగారు టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. మొదట్లో వెళ్ళేవాడు. ఒకరోజు ఎవరో, “ఏమండీ, మీ బామ్మర్ది చెరువు మీ చేలోకే వచ్చేసిందటగా” అన్నారట. అది ఆయన వేళాకోళమే, తిప్పి ఆయన మీదే వేశారు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాడు. తర్వాత కౌలు పొలాలు కూడా చేతులు మారాయి. ఆ ఇంటికి ఇవ్వడానికి ఆసాములు జంకారు. ఆయన ఇప్పుడు అంతర్వేది దగ్గర ఎవరివో రొయ్యల చెరువులు కాస్తున్నాడు. చెరువు గట్టు మీదే పాక. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. చొక్కా లేదు, తువ్వాలు భుజాన ఉంది. నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. లేచి వస్తుంటే, “మీ అక్క కాళ్ళెలా ఉన్నాయి?” అని మాత్రం అడిగాడు.

నేను రాజోలులో ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ల దగ్గర పనికి కుదిరాను. సెలవు రోజున అక్క దగ్గరికి వెళ్తుంటాను. మా ఇద్దరి మధ్యా ఆ తుఫాను రోజు ఊసు రాదు. అడిగినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, అలాంటి పొద్దు మళ్ళీ వస్తే మళ్ళీ అడుగుతాను. కానీ అక్క ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడల్లా నా చూపు ముందు దాని కాళ్ళ మచ్చల మీదికే పోతుంది.

రెండు సార్వాలు, అంటే రెండు వానాకాలపు పంటలు, ఆ ఎకరంలో తుంగ తప్ప మరేం మొలవలేదు. అక్క ఊరుకోలేదు. పశువుల పెంట మోయించింది, కాలువ నీళ్ళు పెట్టి వదిలి, పెట్టి వదిలి, ఉప్పు కడిగింది. మూడో సార్వాకి ఊడ్పులు పెట్టింది. నాటు వేయడానికి కూలీలు రామన్నారు. తనూ, తోటలో ఇంటావిడా, ఇద్దరే వేశారు. పైవార చచ్చింది. కింది వార పలచగా బతికింది. కోతకి నేను వెళ్ళాను, బావగారు కూడా చెరువుల దగ్గర సెలవు పెట్టి వచ్చాడు. అంతా నూర్చి తూర్పారబడితే బస్తాన్నర ధాన్యం.

ఆ బస్తాలు వసారాలో పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. ధాన్యం చూడ్డానికి బాగానే ఉంది. అక్క గుప్పెడు తీసి నలిపి, ఊది, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. నేను ఇంజనీరమ్మాయికి ఫోన్ చేశాను. తను ఇప్పుడు ఎక్కడో గుజరాత్‌లో ఉందట. అక్క ఎలా ఉందని అడిగింది ముందు. విషయం చెప్పాను. “పరీక్ష చేయించాలన్నా. చేయించకుండా నేనైతే తినను, తినమని చెప్పను” అంది.

“ఏంటంటుంది?” అన్నాడు బావగారు.

చెప్పాను.

“అమ్మలేం. తినలేం. గేదెకి పెట్టలేం” అన్నాడాయన. “మరెందుకే ఇదంతా?”

అక్క గింజలు మళ్ళీ బస్తాలో పోసి, మూతి తాడుతో కట్టింది. “ఇత్తనానికుంచుతాను” అంది.

“తినడానికి పనికిరాంది ఇత్తనానికి పనికొత్తాదేంటి?”

“ఏమో. ఏత్తే తెలుత్తాది.”

ఆ సాయంత్రం బావగారు అంతర్వేది బస్సు ఎక్కాల్సి ఉంది. బస్తాలు రెండూ ఎత్తి, తడి తగలకుండా చూరు కింద బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, చెప్పుల కోసం వెతుక్కున్నాడు. నేను ఆయన్ని సెంటరు దాకా బండి మీద దింపాను. బస్సు వచ్చేదాకా ఆయన తువ్వాలుకి అంటిన పొట్టు ఏరుకుంటూ నిలబడ్డాడు.